వైద్యం చేయించకపోతే ఎన్నాళ్లు?



వార్డు తలుపు బయట, రోగికి వినబడకుండా, డాక్టరుగారిని కొంచెం పక్కకు పిలిచి కుటుంబంవారు అడిగే ప్రశ్న ఒకటుంది. "వైద్యం ఏమీ చేయించకుండా ఇంటికి తీసుకుపోతే ఎన్నాళ్లు ఉంటారండీ?" క్యాన్సర్ అని తేలిన వారంలో ఈ ప్రశ్న తలంపుకు రాని ఇల్లు అరుదు. అడిగినవారు మనసు లేనివారని అనుకోకూడదు. చేతిలో సొమ్మెంత ఉంది, పొలం అమ్మితే ఎంత వస్తుంది, పిల్ల పెళ్లి దగ్గర పడింది, అమ్మ ఈ వయసులో ఆపరేషన్‌కు తట్టుకుంటుందా అనే లెక్కలన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉంటాయి. జవాబు మాత్రం చాలాచోట్ల "మన చేతుల్లో ఏముందండీ" అనే దగ్గరే ఆగిపోతుంది. నిజానికి ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం దగ్గర జవాబు ఉంది. అది కొంత కఠినమైనది, కొంత ఆశ్చర్యం కలిగించేది. ఈ నెల పాఠంలో దానినే చెప్పుకుందాం.

మొదట ఒక సంగతి. క్యాన్సర్ ఒక జబ్బు కాదు, వందకు పైగా జబ్బులకు ఉమ్మడి పేరు. వారాల్లో ప్రాణం తీసేవి వాటిలో ఉన్నాయి. ఇరవై ఏళ్లు మనిషితోపాటే ఉండి, చివరకు ఆ మనిషి ఇంకేదో కారణంతో పోయేవీ ఉన్నాయి. అందుచేత "వైద్యం లేకపోతే ఇన్నాళ్లు" అని ఎవరైనా ఒకే అంకె చెబితే నమ్మవద్దు. ఏ అవయవంలో వచ్చింది, ఏ రకం, ఎంతవరకు పాకింది అనే మూడూ తెలిసినప్పుడే జవాబుకు అర్థం ఉంటుంది.

లండన్ ఆసుపత్రిలోని 250 మంది

కొందరు రోగులను వైద్యం లేకుండా వదిలేసి ఎన్నాళ్లుంటారో చూద్దామని ఈ రోజుల్లో ఎవరూ పరిశోధన చేయకూడదు. (ఒకచోట అటువంటిది జరిగింది. ఆ సంగతి కొంచెం తరువాత చెబుతాను.) కాబట్టి వైద్యం లేని కాలపు పాత రికార్డులే మనకు ఆధారం. వాటిలో ముఖ్యమైనవి లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రివి. ఆ ఆసుపత్రిలో 1792లో క్యాన్సర్ రోగులకోసం ప్రత్యేకంగా ఒక వార్డు తెరిచారు. శామ్యూల్ విట్‌బ్రెడ్ అనే బీరు వ్యాపారి ఇచ్చిన సొమ్ము దానికి ఆధారమైంది. అక్కడ చేరినవారు నయమయ్యేదాకా గాని, కన్ను మూసేదాకా గాని ఎంతకాలమైనా ఉండవచ్చు. అలా ఉండనిచ్చారు గనుకనే వారి కథ మొదటినుండి చివరిదాకా రికార్డుల్లో మిగిలింది.

1805 నుండి 1933 వరకు ఆ వార్డులో రొమ్ము క్యాన్సర్‌తో ఉండి, దానికి ఏ వైద్యమూ పొందని 250 మంది స్త్రీల వివరాలను బ్లూమ్, రిచర్డ్‌సన్, హారీస్ అనే ముగ్గురు వైద్యులు ఏర్చి కూర్చి 1962లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. గడ్డను మొదటిసారి గమనించిన రోజు నుండి లెక్కిస్తే, వారిలో సగంమంది 2.7 సంవత్సరాలలోపే చనిపోయారు. 5 సంవత్సరాలు దాటినవారు 100కి 18 మంది. 10 సంవత్సరాలు దాటినవారు 100కి 3.6, అంటే ఆ 250 మందిలో తొమ్మిదిమంది. 15 సంవత్సరాలు దాటినవారు ఇద్దరు.

ఈ అంకెల్లో చాలామంది "సగంమంది 2.7 సంవత్సరాలు" అన్నదే చూస్తారు. నా మట్టుకు 18 అనే అంకె దగ్గర కొంతసేపు ఆగమంటాను. ఏ మందూ లేకుండా, ఏ పసరూ లేకుండా, ఏ పథ్యమూ లేకుండా 100కి 18 మంది 5 సంవత్సరాలు బతికారు! "మా ఊళ్లో ఒకావిడ గడ్డతోనే ఆరేళ్లు ఉంది, ఫలానా చోట ఆకుమందు వాడింది, ఆపరేషన్ మాటే ఎత్తలేదు" అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. ఆ మాట అబద్ధం కానక్కరలేదు. ఆవిడ నిజంగానే ఆరేళ్లు ఉండి ఉండవచ్చు. కాని ఆకుమందు వాడకపోయినా అంతకాలం ఉండేవారు కొందరు ఉంటారు, జబ్బు నెమ్మదైనది గనుక. మందు ఇచ్చినవారికి ఆ పేరు ఊరికే వస్తుంది. మిగిలిన 82 మంది ఇంటివారు మాత్రం ఊరూరా తిరిగి తమ సాక్ష్యం చెప్పరు. అందుచేత మనకు వినబడేది ఎప్పుడూ బతికినవారి కథే.

ఇంకొకటి. ఆ 250 మందిలో ఎక్కువమంది వార్డులో చేరేసరికే జబ్బు బాగా ముదిరి ఉంది. ఎన్నాళ్లు ఉన్నారు అనే లెక్కతోపాటు ఎలా ఉన్నారు అన్నది కూడా ఆలోచించాలి. చూడకుండా వదిలేసిన రొమ్ము గడ్డ చర్మాన్ని చీల్చుకుని పుండవుతుంది, రసి కారుతుంది, వాసన వస్తుంది, చేయి వాచిపోతుంది. ఆ వాసనకు సిగ్గుపడి చుట్టాలకు దూరంగా వెనకగదిలో పడుకునే తల్లులను ఇప్పటికీ చూస్తున్నాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరితే మూత్రనాళాలను నొక్కి కిడ్నీలను పాడుచేస్తుంది. నోటి క్యాన్సర్ ముదిరితే మింగడానికి ఉండదు. "వైద్యం బాధ ఎందుకు, ప్రశాంతంగా పోనీ" అనుకుని ఇంటికి తీసుకుపోయేవారు ఈ సంగతి తెలిసి నిర్ణయించుకోవాలి. ఏ వైద్యమూ లేకపోతే ప్రశాంతత కూడా దానంతట అది రాదు.

మన దేశంలో ఇప్పటి పరిస్థితి చూద్దాం. 2012 నుండి 2015 వరకు రొమ్ము క్యాన్సర్ బయటపడిన స్త్రీల వివరాలను దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీలనుండి తీసుకుని 2024లో ప్రచురించారు. మొత్తం మీద 5 సంవత్సరాలు దాటినవారు 100కి 66 మంది. జబ్బు రొమ్ములోనే ఉండగా వచ్చినవారిలో 81 మంది. దూరపు అవయవాలకు పాకిన తరువాత వచ్చినవారిలో 18 మంది. ఈ 18ని లండన్ 18తో పోల్చి "అయితే వైద్యం చేసినా అంతేగా" అనవద్దు. రెండు గడియారాలు వేరు. లండన్ లెక్క గడ్డ కనబడిన రోజు నుండి మొదలయింది. మన లెక్క ఆసుపత్రిలో జబ్బు తేలిన రోజు నుండి, అప్పటికే పాకిపోయినవారితో మొదలయింది. మనం చూడవలసిన తేడా 81కి, 18కి మధ్య ఉన్నది. ఆ తేడాలో ఎక్కువ భాగం, గడ్డ చేతికి తగిలిన రోజుకు, ఆసుపత్రి మెట్లెక్కిన రోజుకు మధ్య పోయిన కాలమే.

కత్తి తగిలితే పాకుతుందా?

ఒక సెంటీమీటరు గడ్డలో, అంటే శనగగింజ అంత గడ్డలో, సుమారు 100 కోట్ల కణాలు ఉంటాయి. ఒక్క కణం రెండై, రెండు నాలుగై, ఆ సంఖ్యకు రావడానికి దాదాపు 30 సార్లు రెట్టింపు కావాలి. ఆ 30 రెట్టింపులూ మనకు తెలియకుండానే జరిగిపోతాయి. ఇంకొక 10 సార్లు రెట్టింపయితే ఆ గడ్డల మొత్తం బరువు ఒక కిలో అవుతుంది. మనిషి అంత బరువును మోయలేడు. (చివరికి వచ్చేసరికి పెరుగుదల కొంత మందగిస్తుంది. ఇది సులువుగా అర్థం కావడానికి చెప్పిన లెక్క.) అంటే మనం గడ్డను కనుక్కునేసరికే దాని ప్రయాణంలో నాలుగింట మూడు వంతులు అయిపోయింది. ఆఖరి వంతు మన కళ్ల ముందు, త్వరత్వరగా జరిగినట్టు కనబడుతుంది.

"ముక్క తీసి పరీక్షకు పంపారు, అప్పటినుండే పాకడం మొదలైంది" అనే మాట ఇక్కడినుండే పుట్టింది. రెండేళ్లు మౌనంగా ఉన్న గడ్డకు ఆఖరి దశలో ముక్క తీస్తే, ఆ తరువాత మూడు నెలల్లో అది ఎలాగూ ఊరుకోదు. ముక్క తీయడం, పాకడం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి గనుక నేరం సూదిమీద పడింది. ఏ రకం క్యాన్సరో ముక్క పరీక్షతోనే నిర్ధారణ అవుతుంది. అది తెలియకుండా మందు ఎంచుకోవడం చీకట్లో రాయి వేయడమే. ఈ భయంవల్ల ముక్క పరీక్ష మానుకుని వెళ్లిపోయి, ఏడాది తరువాత తిరిగి వచ్చేవారు మన ఓ.పి.లో ఎప్పుడూ ఉంటూనే ఉన్నారు.

ఆలస్యానికి కూడా లెక్క ఉంది. ఏడు రకాల క్యాన్సర్లమీద వచ్చిన పరిశోధనలను కలిపి చూసి 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఆపరేషన్ 4 వారాలు ఆలస్యమైతే, చనిపోయే ప్రమాదం ఉన్నదానికంటే 6 నుండి 8 శాతం పెరుగుతుందని తేలింది. పరీక్షలకు పది రోజులు పడుతున్నాయని కంగారు పడనక్కరలేదు. కాని "పంట చేతికి రానీయండి", "పెళ్లి కానీయండి", "ఈస్టర్ వెళ్లనీయండి" అని నాలుగైదు నెలలు జరిపితే ఆ శాతాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి.

త్వరగా తీసుకుపోయేవి

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకానికి ఏ వైద్యమూ పొందనివారు సగటున 7 నెలలు బతికారని 2013లో ప్రచురితమైన ఒక సమీక్షలో లెక్కతేలింది. వారిలో చాలామందికి అప్పటికే జబ్బు ముదిరి ఉంది. క్లోమగ్రంథి క్యాన్సర్ సాధారణంగా ఇంకా తొందర మనిషి.

అన్నిటికంటె తొందరగా తీసుకుపోయేవి అక్యూట్ రక్త క్యాన్సర్లు. పిల్లలలో వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు మందు లేని రోజుల్లో పిల్లలు వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో పోయేవారు. ఆ గతిని మార్చిన మందుల వెనక మన తెలుగువాడు ఉన్నాడని చాలామందికి తెలియదు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలు నడిపించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు వాడారు. 16 మంది పిల్లలలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కు తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ఈ పిల్లల చికిత్సలో ఉంది. వసతులున్న దేశాల్లో ఇప్పుడు ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో 100కి దాదాపు 90 మంది 5 సంవత్సరాలు దాటుతున్నారు. ఒకప్పుడు వంద మంది తల్లులూ ఏడ్చిన జబ్బు ఇది.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఈ చికిత్స రెండు సంవత్సరాలకు పైగా సాగుతుంది. మొదటి నెలా రెండు నెలల్లోనే జ్వరం పోతుంది, రక్తం పరీక్ష బాగుంటుంది, పిల్లవాడు లేచి ఆడుకుంటాడు. "తగ్గిపోయింది కదా" అని అక్కడితో ఆపేసేవారు ఉన్నారు. రక్తంలో కనబడకపోయినా కణాలు దాగి ఉంటాయి. సగంలో ఆపిన వైద్యం చాలాసార్లు జబ్బును తిరిగి తెస్తుంది, రెండోసారి అది మొదటి మందులకు లొంగడం కష్టం. బస్సు ఛార్జీలు లేక, కూలి పోతుందని మానేయవలసి వస్తే, మానేయకముందే ఆసుపత్రిలో చెప్పండి. చెబితే ఏదో ఒక దారి వెతకవచ్చు.

చూస్తూ ఊరుకున్నందుకు

పైన చెబుతానన్న సంగతి ఇది. న్యూజిలాండ్ దేశంలోని ఆక్లాండ్ నగరంలో నేషనల్ విమెన్స్ హాస్పిటల్ అనే ఆసుపత్రి ఉండేది. 1966 నుండి అక్కడ డాక్టర్ హెర్బర్ట్ గ్రీన్ ఒక అధ్యయనం నడిపారు. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు నిజంగా క్యాన్సర్‌గా మారవని ఆయన నమ్మకం. అందుచేత అటువంటి మార్పులున్న కొందరు స్త్రీలకు పూర్తి చికిత్స చేయకుండా, వారికి ఆ సంగతి చెప్పకుండా, గమనిస్తూ ఉండిపోయారు. 1987లో ఒక పత్రికా వ్యాసంతో విషయం బయటపడింది. ప్రభుత్వం విచారణ జరిపించి 1988లో నివేదిక వెలువరించింది.

ఆ స్త్రీల వివరాలను తిరిగి లెక్కగట్టి 2008లో ప్రచురించారు. చిన్న ముక్క తీసి చూడడం తప్ప చికిత్స లేకుండా వదిలినవారు 143 మంది. వారిలో 30 సంవత్సరాల లోపల 100కి 31 మందికి క్యాన్సర్ వచ్చింది. సరైన చికిత్స పొందినవారిలో అది 100కి ఒక్కరికంటె తక్కువ, 0.7 శాతం. జరిగినది అన్యాయం. అయినా ఆ స్త్రీలు పడిన బాధనుండి లోకానికి తెలిసిన సంగతి ఒకటుంది. ఈ జబ్బు మనకు ఏళ్లకు ఏళ్లు గడువు ఇస్తుంది, ఆ గడువులో ఒక చిన్న చికిత్సతో దానిని ఆపవచ్చు. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడినా, భర్తతో కలిసిన తరువాత రక్తం కనబడినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా సిగ్గుపడి దాచుకోవద్దు. ఏ లక్షణమూ లేకపోయినా పరీక్ష చేయించుకోవాలి. ముంబయిలోని మురికివాడల్లో, పెద్ద చదువులు లేని ఆరోగ్య కార్యకర్తలు వినిగర్ పూసి చూసే పరీక్షను రెండేళ్లకొకసారి చేస్తే ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని టాటా మెమోరియల్ వైద్యులు 2014లో నిరూపించారు.

నోటి విషయంలోనూ ఇదే దారి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాన చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మల అంగుట్లో ముందుగా తెల్లమచ్చలు, తరువాత పుండు రావడం వైద్యులు ఎన్నో ఏళ్లుగా రాసిపెట్టారు. గుట్కా, ఖైనీ వేసేవారికి బుగ్గలోపల వస్తుంది. తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు తెరిపించి చూసినందుకు, పొగాకు గాని మద్యం గాని అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. టార్చిలైటు, చూసే కన్ను చాలు. మూడు వారాలు దాటినా మానని పుండు ఏదైనా చూపించుకోవాలి.

వేచి చూడడమూ వైద్యమే, కొన్నిటికి

ఇంతవరకు చదివి "అయితే ప్రతి క్యాన్సర్‌కూ పరుగెత్తవలసిందే" అనుకోవద్దు. ప్రోస్టేట్ గ్రంథికే పరిమితమైన క్యాన్సర్ ఉన్న 1643 మంది పురుషులను బ్రిటన్‌లో మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు రేడియేషన్ (మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు), మూడో గుంపుకు పి.ఎస్.ఏ. రక్తపరీక్షతో గమనిస్తూ ఉండడం. సుమారు 15 సంవత్సరాల తరువాత 2023లో ప్రకటించిన ఫలితాల్లో, ప్రోస్టేట్ క్యాన్సర్‌వల్ల చనిపోయినవారు మూడు గుంపుల్లోనూ 100కి ఇద్దరు ముగ్గురే. గమనిస్తూ ఉన్న గుంపులో 3.1, ఆపరేషన్ గుంపులో 2.2, రేడియేషన్ గుంపులో 2.9. అయితే గమనిస్తూ ఉన్న గుంపులో 100కి 61 మందికి ఆ 15 ఏళ్లలో ఎప్పుడో ఒకప్పుడు చికిత్స అవసరమై చేశారు. క్రమంగా పిలిచి, పరీక్షించి, మారినప్పుడు చికిత్స చేయడం వేరు, రిపోర్టును బీరువాలో పెట్టి మరిచిపోవడం వేరు. థైరాయిడ్‌లో వచ్చే బాగా చిన్న పాపిల్లరీ క్యాన్సర్‌లను కూడా జపాన్‌లోని కోబే నగరంలో కుమా ఆసుపత్రివారు 1993 నుండి ఇలాగే గమనిస్తూ వస్తున్నారు.

ఎనభై అయిదేళ్ల తాతగారికి, గుండెజబ్బు కూడా ఉన్నవారికి, నెమ్మదిగా పెరిగే క్యాన్సర్ కనబడితే "ఇప్పుడు కదిలించవద్దు" అని డాక్టరుగారే చెప్పవచ్చు. అది నిర్లక్ష్యం కాదు, వదిలేయడమూ కాదు. అయితే ఆ మాట చెప్పవలసినది జబ్బు రకం, దశ తెలిసిన వైద్యుడు. పక్కింటివారు కాదు.

పసరు, పథ్యం, ప్రార్థన

ఆధునిక వైద్యం వద్దని ఇతర పద్ధతులనే నమ్ముకున్నవారి గతిని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు పరిశీలించి 2017లో వెల్లడించారు. వారంతా జబ్బు దూరానికి పాకకముందే తెలిసినవారు, అంటే బాగయ్యే అవకాశం ఉన్నవారు. అటువంటి 281 మందిని, మామూలు వైద్యం పొందిన 560 మందితో పోల్చారు. మొత్తంమీద చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో 5 రెట్లకు పైన, పెద్దపేగు క్యాన్సర్‌లో నాలుగున్నర రెట్లు. పెద్దపేగు సంగతే చూడండి. వైద్యం పొందినవారిలో 5 సంవత్సరాలకు 100కి 79 మంది ఉన్నారు, పొందనివారిలో 33 మంది. ప్రోస్టేట్‌లో మాత్రం ఆ కొద్ది కాలంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఎందుకో పైన చదివారు.

తనంతట తానే మాయమైన క్యాన్సర్లు లేవా అంటే ఉన్నాయి. ఎవర్సన్, కోల్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 1900 నుండి 1964 వరకు ప్రపంచ వైద్య పత్రికలన్నీ వెతికి అటువంటివి 176 పోగుచేశారు. అరవై నాలుగేళ్లలో, లోకమంతటా, 176. మీ ఇంటి మనిషి ఆ వరుసలో ఉంటారని ఎదురుచూడడం ఎంతవరకు తగునో మీరే ఆలోచించండి.

మన సంఘ కుటుంబాల్లో ఇంకొక మాట వినబడుతుంది. "మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు" అని. హిజ్కియా రాజు జబ్బుపడినప్పుడు యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద కట్టమన్న సంగతి మీ బైబిలులోనే ఉంది. ప్రార్థనకు, కీమోకు మధ్య పోటీ ఏమీ లేదు. ప్రార్థన చేయడానికి వచ్చిన పెద్దలే "రేపు ఆసుపత్రికి నేను తోడు వస్తాను" అంటే, ఆ మాటకు భయపడే తల్లులు కూడా లేచి వస్తారు.

బాగుచేయలేనప్పుడు

కొందరి విషయంలో జబ్బును పూర్తిగా తీసివేయడం సాధ్యం కాదు. అప్పుడు కుటుంబంవారికి రెండే దారులు కనబడతాయి. పెద్ద ఊరికి తీసుకుపోయి ఉన్నదంతా ఖర్చుపెట్టడం, లేదా ఇంటికి తీసుకుపోయి ఏమీ చేయకుండా ఉండడం. మూడో దారి ఉంది. దానిని ఉపశమన వైద్యం అంటారు. నొప్పి, వాంతులు, ఆయాసం, పుండు, నిద్రలేమి, భయం, వీటికి చేసే వైద్యం అది.

ఇది చేతులెత్తేసినప్పుడు ఇచ్చే ఓదార్పు మాత్రమే అనుకునేవారికోసం ఒక ఫలితం చెబుతాను. బోస్టన్‌లో పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో సగంమందికి మామూలు చికిత్సతోపాటు మొదటినుండే ఉపశమన వైద్యం కూడా ఇచ్చారు. వారికి బాధ తగ్గింది, దిగులు తగ్గింది. అంతేకాదు, ఎక్కువకాలం బతికారు కూడా. మామూలు చికిత్స ఒక్కటే పొందినవారు 8.9 నెలలు, వీరు 11.6 నెలలు. ఇది 2010లో ప్రకటించారు.

మార్ఫిన్ మాత్రలంటే మనవారికి భయం. "అలవాటైపోతుంది", "అది ఇచ్చారంటే ఇక అంతే" అంటారు. క్యాన్సర్ నొప్పికి వైద్యుడు చెప్పిన మోతాదులో తీసుకుంటే మనిషి మత్తులో పడి ఉండడు. నొప్పి తగ్గి లేచి కూర్చుంటాడు, నాలుగు ముద్దలు తింటాడు, మనవళ్లతో మాట్లాడతాడు. మలబద్ధకం మాత్రం తప్పకుండా వస్తుంది గనుక దానికి మందు కూడా కలిపి ఇస్తారు. మార్ఫిన్ దొరకడానికి ఉన్న చట్టపు చిక్కులను 2014లో సడలించారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో 2006 నుండి ఉపశమన వైద్య విభాగం నడుస్తోంది. దూరం వెళ్లలేనివారు దగ్గరలో ఈ మాత్రలు ఎక్కడ దొరుకుతాయో మన నర్సమ్మలను అడగండి.

నిర్ణయించుకునే ముందు

"ఎన్నాళ్లు?" అని అడగవద్దని మేము చెప్పడం లేదు. అడగండి. దానితోపాటు ఇవి కూడా అడగండి: ఇది ఏ రకం, ఎన్నో దశ? ఈ వైద్యం జబ్బును తీసివేయడానికా, కొంతకాలం అణచి ఉంచడానికా, బాధ తగ్గించడానికా? చేయిస్తే, చేయించకపోతే తేడా నెలలా, సంవత్సరాలా? "చేయించకపోతే రెండేళ్లు, చేయిస్తే బాగయ్యే అవకాశం 100కి 80" అన్నది ఒక జవాబు. "చేయించకపోతే ఆరు నెలలు, చేయిస్తే ఎనిమిది, అందులో మూడు ఆసుపత్రిలోనే" అన్నది వేరే జవాబు. రెండో జవాబు విని కీమో వద్దనుకున్న పెద్దవారిని మేము తప్పు పట్టము. మొదటి జవాబు వినకుండానే వెళ్లిపోయేవారిని చూసినప్పుడే మాకు బాధ.

ఈ నిర్ణయంలో రోగిని కూర్చోబెట్టుకోండి. ఇంట్లో అందరికీ తెలిసి ఆమె ఒక్కదానికే తెలియకుండా దాచడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఆమెకు మీరనుకున్నదానికంటె ఎక్కువే తెలిసి ఉంటుంది. ఎంతవరకు వినాలనుకుంటున్నారో ముందు ఆమెనే అడిగి, అంతవరకే చెప్పమని డాక్టరుగారిని కోరవచ్చు.

డబ్బు సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ ఉన్నాయి. తెలంగాణలో ఆ పేరుతోనే, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అనే పేరుతో ఉంది. నియమాలు, పరిమితులు మారుతూ ఉంటాయి గనుక, పొలం బేరం పెట్టకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరకు రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని వెళ్లండి. వేరే ఆసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకోవాలంటే మొహమాటపడవద్దు, ఏ మంచి డాక్టరూ దానికి కోపగించుకోడు. వెళ్లేటప్పుడు ముక్క పరీక్ష రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా, ఆ ముక్కను దాచిన మైనపు దిమ్మను, గాజు స్లైడ్లను కూడా లాబులో అడిగి తీసుకెళ్లండి. వాటినే తిరిగి పరీక్షిస్తారు గనుక చాలాసార్లు మళ్లీ ముక్క తీయవలసిన పని ఉండదు, వారం పది రోజులు కూడా కలిసివస్తాయి.